కెమెరా ముందు రెండున్నర అక్షరాలు

మొన్న శనివారం పొద్దున పదకొండు యాభై తొమ్మిదికి నా ఉద్యోగం నా నోట్లోంచి జారి కిందపడిందండీ! ఒకే ఒక్క మాట. గట్టిగా లెక్కేస్తే రెండున్నర అక్షరాలు. ఆటోవాళ్లతో బేరాలాడేటప్పుడు నేను వాడే మాటల్లో ఒకటి అనుకునేరు, కాదు. ఆ మాట అన్నందుకు ఎవరూ ఎవరినీ ఏమీ అనరు. నన్ను మాత్రం అన్నారు.

మొదట్నించీ చెప్తాను, వినండి.

నా పేరు కరుణ. పేరు పెట్టినవాళ్లు కాస్త ఆగి, నాకు మాటలొచ్చాక పెట్టాల్సిందని మా ఆయన ప్రభాకర్ అంటూంటాడు. పదో తరగతితో బడి మానిపించారు. ఆ తర్వాత నాకు చదువు చెప్పింది కాగితాలే. పొట్లం కట్టిన పేపరు ముక్కలు, లైబ్రరీలో అట్టలూడిన నవలలు, మందు డబ్బాలో మడిచిపెట్టే చీమతలకాయంత అక్షరాల చీటీ, ఏదొస్తే అది చదివాను. పెళ్లయ్యాక ఇంటి దగ్గరుండే ఇంటర్ కట్టి పాసయ్యాను. వన్ టౌన్‌లో ఓ చిన్న క్లినిక్కులో ఎనిమిదేళ్లు రోగుల వివరాలు రాశాను. డాక్టరుగారికి వయసైపోయి క్లినిక్కు మూసేశారు. నలభై రెండేళ్లకి నేను మళ్లీ ఇంట్లో కూచున్నాను.

అప్పుడు మంగళగిరి దగ్గర ఓ పెద్దాసుపత్రిలో రికార్డుల సెక్షన్లో ఖాళీ ఉందని తెలిసింది. వెళ్లాను. అనుభవం బాగానే ఉందన్నారు. కానీ, "ఫలానా సర్టిఫికెట్ కావాలమ్మా. ఆన్‌లైన్‌లో మూడు నెలల కోర్సు. అది పట్టుకొస్తే చేర్చుకుంటాం" అన్నారు. సరే, చేరాను. మూడు నెలలూ ఒక్క క్లాసు ఎగ్గొట్టలేదు. చివరి పరీక్షకి రెండే అవకాశాలు. మొదటిసారి సగంలో కరెంటు పోయింది, పరీక్షా పోయింది. రెండోది మొన్న శనివారం. సోమవారానికల్లా సర్టిఫికెట్ లేకపోతే ఇంకొకరిని చూసుకుంటామని ఆసుపత్రివాళ్లు మర్యాదగానే చెప్పారు. మర్యాదగా చెప్పారంటే ఇంకెవరినో చూసేశారని అర్థం.

ఇక ఆ కోర్సువాళ్ల రూల్స్ చెప్పాలి. 'విద్యార్థుల నుంచి మేము ఆశించేవి' అని పద్నాలుగు పేజీలు పంపారు. కెమెరా ఎప్పుడూ ఆన్‌లో ఉండాలి. మొహమూ భుజాలూ కనపడాలి. బట్టలు ఆఫీసుకి వెళ్లినట్టుండాలి. పరీక్షప్పుడు గదిలో ఇంకో ప్రాణి ఉండకూడదు. కుర్చీలోంచి లేవకూడదు. చూపు స్క్రీన్ దాటకూడదు. నోరు మెదపకూడదు. మూడు హెచ్చరికలైతే పరీక్ష రద్దు.

ఆ పద్నాలుగు పేజీలూ నేను ఊరికే చదవలేదండీ, ఇంట్లో అమలు చేశాను. ప్రింటు తీయించి వంటగదిలో అంటించాను. "అత్తయ్యా, నా వెనకాల బక్కెట్టు పట్టుకుని తిరిగారంటే హాజరు కొట్టేస్తారు!" అని మా అత్తగారు సువార్తమ్మను మూడు నెలలు గోడలకంటుకుని నడిపించాను. "కుక్కర్ విజిల్ వేస్తే నాలుగో పేజీ చూడండి!" అని మా ఆయన్ని బెదిరించాను. పాపం ఆయన పప్పు గిన్నెలో ఉడకేశాడు. రెండు గంటలు పట్టింది, అయినా పలుకు పలుకుగానే ఉంది.

ఇంత చేసిన మహాతల్లిని, పరీక్షకి ముందు ఆదివారం చర్చిలో నేనేం చేశానో చూడండి. ఆరాధన చివర్లో ప్రార్థన మనవులు చెప్పమంటారు కదా. మామూలుగా నేను లేవను. ఆ రోజు లేచాను. "శనివారం పదకొండు గంటలకి నాకు పరీక్ష ఉంది. ఇంటర్‌నెట్‌లో, ఇంట్లోంచే రాస్తాను. అందరూ ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి" అన్నాను. జ్ఞాపకం చేసుకోమంటే ఎవరింట్లో వాళ్లు చేసుకుంటారని నా ఉద్దేశం. నిజం చెప్పద్దూ, 'ఇంటర్‌నెట్‌లో' అన్నప్పుడు వెనక బెంచీల దాకా వినపడేట్టు అన్నాను. స్త్రీల సమాజం పెద్ద దీనమ్మగారు బైబిలు వెనకట్ట మీద ఏదో రాసుకోవడం చూశాను కూడా. చూసి మురిసిపోయాను.

శనివారం వచ్చింది. మాది వన్ టౌన్‌లో ఓ సందులో మేడ మీద రెండు గదులు. కింద గోడౌను. తోపుడుబళ్లు రాకుండా ఉండవు, అరుపులు ఆగవు. అందుకని మా ఆయన్ని సెలవు పెట్టించి సందు మొదట్లో నిలబెట్టాను. "ఒక్క బండి లోపలికి రాకూడదు" అని. అత్తయ్యని ముందు గదిలో కూచోబెట్టాను. "తుమ్మొచ్చినా దిండులో తుమ్మండి" అని. నేను వెనక గదిలో లాప్‌టాప్ ముందు కూచున్నాను, మంగళగిరి నూలు చీర కట్టుకుని.

పదకొండుకి పరీక్ష పర్యవేక్షించే అమ్మాయి గొంతు వినిపించింది. మనిషి కనపడదు. "మేడమ్, లాప్‌టాప్ తిప్పి నాలుగు గోడలూ చూపించండి."

చూపించాను.

"ఆ గోడ మీద ఏదో రాసుంది మేడమ్. తీసేయండి."

బైబిలు వాక్యాల క్యాలెండరు. తీసి మంచం మీద బోర్లా పెట్టాను. తలుపు సందులోంచి అత్తయ్య చూసినట్టున్నారు, "అయ్యయ్యో, వాక్యం తీసేసి పరీక్ష రాస్తావుటే?" అని గుసగుసగా అన్నారు. నేనొక చూపు చూశాను. తలుపు మూసుకుంది.

అరవై ప్రశ్నలు, గంటన్నర టైము. మొదలైంది.

పదో ప్రశ్న దగ్గర స్క్రీన్ మీద ఎర్ర పెట్టె. 'మీ పెదవులు కదులుతున్నాయి. మొదటి హెచ్చరిక.'

చదివేటప్పుడు పెదాలాడించడం నాకు చిన్నప్పటి అలవాటు. పక్కన చెప్పేవాళ్లు లేనప్పుడు మనకి మనమే చెప్పుకోవాలి కదండీ. ఆ అలవాటే నన్ను ఇక్కడి దాకా తెచ్చింది, ఇప్పుడదే పీక పట్టుకుంది. కింది పెదవిని పళ్లతో బిగబట్టి, ఆసుపత్రి రికార్డుల్లో నా బతుకు వెతుక్కుంటూ ముందుకెళ్లాను. ఇరవై, ముప్ఫై, నలభై... బాగానే వెళ్తోంది. టైమూ మిగులుతోంది. హమ్మయ్య అనుకున్నాను.

అప్పుడు మెట్ల మీద చెప్పుల చప్పుడు. ఒక జత కాదు. ఏడెనిమిది జతలు!

"వందనాలు సువార్తమ్మా!"

"వందనాలు దీనమ్మా, రండి రండి. మెల్లిగా... లోపల రాస్తోంది."

మా ఆయనేం చేస్తున్నట్టు? తర్వాత అడిగితే చెప్పాడు: "తోపుడుబళ్లని ఆపమన్నావు, ఆపాను. చర్చి పెద్దావిడని ఆపమని నువ్వు చెప్పలేదుగా! నేనే దారిచ్చాను."

చెప్పలేదు నిజమే. పద్నాలుగు పేజీల్లోనూ లేదు.

ముందు గదిలో చాప పరిచిన చప్పుడు. మొదట్లో గుసగుసలే. ఎవరో అన్నారు, "మనసులో ప్రార్థన చేసుకుందాం, నోటితో వద్దు." ఆ తల్లెవరో గాని చల్లగా ఉండాలి అనుకున్నాను. కానీ దీనమ్మగారి సంగతి మీకు తెలీదు. మా చర్చికి మైకు రాకముందు మైకు ఆవిడే. మెల్లిగానే మొదలెడతారు. రెండు నిమిషాల్లో మైకు స్థాయి అందుకుంటారు.

"తండ్రీ! ఈ గడియలో నీ బిడ్డ కరుణ పరీక్ష రాస్తోంది! ఒక్కొక్క ప్రశ్నకీ నువ్వే జవాబు అందించు తండ్రీ!"

ఎర్ర పెట్టె. 'ఇతరుల గొంతులు వినిపిస్తున్నాయి. రెండో హెచ్చరిక. ఇంకొక్కటైతే పరీక్ష రద్దవుతుంది.'

చూడండి నా అవస్థ! లేవకూడదు. అరవకూడదు. పక్కకి చూడకూడదు. వన్ టౌన్ మొత్తం దడిసే నోరు నాది, గోడవతల ఉన్న ఎనిమిది మందిని ఆపడానికి పనికిరాకుండా పోయింది. పర్యవేక్షకురాలికి టైపు చేశాను: పక్క గది, ప్రార్థన, దయచేసి ఆగండి. జవాబొచ్చింది: 'పరీక్ష కొనసాగించండి మేడమ్.'

కొనసాగించాను. నలభై ఎనిమిదో ప్రశ్న చదువుతున్నాను. అవతల్నుంచి:

"ఈ బిడ్డ నోటి దురుసు నీకు తెలుసు తండ్రీ! సందులో అందరికీ తెలుసు! అది లెక్కలోకి తీసుకోకు ప్రభువా!"

"తీసుకోకు ప్రభువా!" అని ఏడుగురి గొంతులు. అందులో మా అత్తగారి గొంతు అందరికంటే గట్టిగా ఉంది.

ఒళ్లు మండిపోయింది. ఆ మంటలో ఓ జవాబు నొక్కేశాను. తర్వాతదీ నొక్కేశాను. యాభయ్యో ప్రశ్న కాస్త నిదానంగా చదివాను: స్పృహ లేని మనిషిని ఎవరో రోడ్డు మీంచి తీసుకొస్తే, పేరు తెలీదు, ముందేం చెయ్యాలి? పోలీసులకి చెప్పాలా, రికార్డు తెరవాలా? మనిషి పోతుంటే స్టేషన్‌కి ఫోనేమిటి? ముందు తాత్కాలిక నంబరిచ్చి రికార్డు తెరవాలి అని నొక్కాను.

అంతలో దీనమ్మగారి గొంతు మారింది. తగ్గింది.

"పదో తరగతిలో బడి మానిపించారు తండ్రీ. పొట్లాల కాగితాలు చదువుకుని పైకొచ్చింది. ఎవరి దగ్గరా చెయ్యి చాచలేదు. ఈ వయసులో మళ్లీ పలక పట్టింది. నలుగురి ముందూ దాన్ని సిగ్గుపడనివ్వకు. యేసు నామమున వేడుకుంటున్నాము తండ్రీ..."

ఆవిడకివన్నీ ఎలా తెలుసో! ఆవిడతో నేనెప్పుడైనా సరిగ్గా రెండు ముక్కలు మాట్లాడానా? కళ్లలో నీళ్లు తిరిగాయి. స్క్రీన్ మసకబారింది. యాభై ఒకటో ప్రశ్నకి ఏదో నొక్కాను. పుట్టిందగ్గర్నుంచీ వింటున్న వాక్యం పూర్తయింది. పూర్తయిన చోట ఏమనాలో నా నోటికి తెలుసు. నన్నడగలేదు.

"ఆమెన్."

గట్టిగా. స్పష్టంగా. మైకులో.

'మూడో హెచ్చరిక. మీ పరీక్ష నిలిపివేయబడింది.'

తలుపు తీశాను. ఎనిమిది మొహాలు నవ్వుతూ లేచాయి. "అయిపోయిందా అమ్మా? అప్పుడే?" అన్నారు దీనమ్మగారు. నేను నోరు తెరిచాను. ఆవిడ చీర కొంగుతో కళ్లు తుడుచుకుంటున్నారు. నోరు మూసుకున్నాను. "అయిపోయిందండీ" అన్నాను. అంతకంటే నిజం లేదు.

సాయంత్రం నాలుగింటికి ఫోనొచ్చింది. ఆగిపోయిన పరీక్షల రికార్డింగులు చూసి తేల్చే రివ్యూ టీమ్‌లో ఒకాయన, చాలా నెమ్మదస్తుడు. మా ఆయన పక్కనే కూచున్నాడు, స్పీకరు పెట్టాను.

"మేడమ్, రికార్డింగ్ విన్నాను. ప్రార్థనేనని అర్థమైంది. కానీ ఒక ఇబ్బంది ఉంది. ప్రతి ప్రశ్నకీ జవాబు అందించమని పక్క గదిలోంచి అడగడం, చివర్లో మీరు బదులివ్వడం, రెండూ ఉన్నాయి. బయటి సాయం కోరకూడదని తొమ్మిదో పేజీలో..."

"బయటి సాయమేమిటండీ? తొమ్మిదో పేజీ నాకు కంఠతా వచ్చు. మనుషుల సాయం అని రాశారు. పైవాడి మాటెక్కడ రాశారు?"

"రాయలేదు మేడమ్." ఆయన ఒప్పుకున్నాడు. "అందుకే నేను చూడాల్సింది ఒక్కటే. సాయం అందిందా, లేదా? ప్రార్థన జరిగిన ఏడు నిమిషాల్లో మీరు నాలుగు జవాబులు పెట్టారు. నాలుగూ తప్పే. కాబట్టి ఎలాంటి సాయమూ అందలేదని..."

"నాలుగూ తప్పా?" అన్నాను.

"అవును మేడమ్."

"యాభయ్యోది కూడానా? అదెలా తప్పవుతుందండీ? ముందు రికార్డు తెరవకపోతే మందు ఎవరి పేరు మీద ఇస్తారు? ఎనిమిదేళ్లు చేశాను నేనీ పని! మీ జవాబే తప్పేమో చూసుకోండి ముందు!"

మా ఆయన నా కాలు తొక్కాడు. నేను ఆగలేదు. రెండో కాలూ తొక్కాడు.

అప్పుడాయన, పసిపిల్లకి చెప్పినట్టు: "మేడమ్, మొత్తం రాసినవి యాభై ఒకటి. అందులో రైటు నలభై ఒకటి. పాసవడానికి నలభై చాలు. మీరు పాసయ్యారు. కానీ ఆ యాభయ్యోది రైటని మీరిప్పుడు రుజువు చేస్తే, సాయం అందినట్టు అనుమానించి నేను పరీక్ష రద్దు చెయ్యాల్సొస్తుంది. చెప్పండి. రైటా? తప్పా?"

మా ఆయన చేతులు జోడించి నావైపు చూస్తున్నాడు. పెళ్లిలో కూడా అంత ఆశగా చూడలేదు.

రైటేనన్న మాట నోటిదాకా వచ్చింది. మింగాను. అంత పెద్దది ఇంతకు ముందెప్పుడూ మింగలేదు.

"తప్పేనండీ" అన్నాను. "నాలుగూ తప్పే. కావాలంటే ఇంకోటి కూడా తప్పు రాసుకోండి."

"వద్దు మేడమ్, ఇంకోటి తగ్గితే సరిగ్గా నలభైకి వస్తారు" అన్నాడు మహానుభావుడు. రాత్రిలోపు సర్టిఫికెట్ వచ్చింది.

సోమవారం మంగళగిరి బస్సెక్కి ఉద్యోగంలో చేరాను. రికార్డుల సెక్షన్లో పెద్దావిడ పని చూపిస్తూ, "రోడ్డు మీద పడిపోయినవాళ్లని తెస్తారమ్మా, పేరు తెలీదు, ఊరు తెలీదు. కంగారు పడకు. ముందు తాత్కాలిక నంబరు వేసి రికార్డు తెరిచెయ్. పోలీసులకి ఆ తర్వాత చెప్తాం" అంది.

అంటే ఏమిటన్నమాట? నేను రాసిందే రైటు!

అప్పటికప్పుడు ఫోను తీశాను. ఆ రివ్యూ ఆయన నంబరు దాకా వెళ్లాను. అక్కడ ఆ 'రద్దు' మాట గుర్తొచ్చింది. ఫోను బ్యాగులో పడేసి, బ్యాగు అల్మారాలో పెట్టి, తాళం ఆ పెద్దావిడకిచ్చి, "సాయంత్రం దాకా ఎంత అడిగినా ఇవ్వకండి" అన్నాను. కొత్తగా చేరిన మనిషికి కాస్త తిక్కేమో అన్నట్టు చూసింది.

ఇవాళ్టికి నాలుగు రోజులైంది. కడుపు ఉబ్బిపోతోంది. అందుకే మీ దగ్గర కక్కేశాను. మీరు మాత్రం ఎక్కడా అనకండేం. నేనా? నా సంగతి మాత్రం నేను చెప్పలేను.