ఆరు గదులకు ఒక్క జగ్గు

ఆ వార్డులో ఆమెను అందరూ కొలతలక్క అనేవారు. మూలకణాల మార్పిడి చేయించుకున్న రోగులుండే వార్డు అది, గదికొకరు. ఎవరికి ఎంత మూత్రం వచ్చిందో కొలిచి, తలుపుకు తగిలించిన కాగితం మీద రాయడం ఆమె పని. పదకొండేళ్లుగా అదే. పేరుకు ఆయా గానీ, ఎవరు నీళ్లు సరిగ్గా తాగడం లేదో రంగు చూసి చెప్పేసేది. కోపం మాత్రం ముక్కు మీదే ఉండేది.

తనిఖీ వాళ్లు వస్తున్నారని పెద్ద నర్సు గదిగదికీ విడిగా ఉండే మూత్రం కొలిచే జగ్గులన్నీ తీయించేసింది. బాత్రూముల్లో అవి కనబడితే అసహ్యంగా ఉంటుందట! ఒక్కటే మిగిలింది. తనిఖీ వాళ్లు వచ్చారు, మెచ్చుకున్నారు, టీ తాగి పోయారు. జగ్గులు మాత్రం తిరిగి రాలేదు. కొలతలక్క రెండు రోజులు గొణిగింది. మూడో రోజు నుంచి నోరు మూసుకుని, ఆ ఒక్క జగ్గునే కుళాయి కింద తొలుస్తూ గదులు తిప్పింది. అలా నోరు మూసుకున్నందుకు తనమీద తనకే ఒళ్లు మండేది.

మొదట ఒకటో గది తాతకు మూత్రంలో నెత్తురు పడింది. తర్వాత రెండు, మూడు, నాలుగు. ఆరో గదిలోని బస్సు కండక్టరు బాత్రూం గోడ పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మూత్రాశయానికి వైరస్ పట్టిందనీ, ఒంట్లో శక్తి లేనివాళ్లకు వస్తుంటుందనీ డాక్టర్లన్నారు. వస్తుంటుందట, ఎండా వానా వచ్చినట్టు! మరి ఐదో గదాయనకు ఎందుకు రాలేదు? ఆయనకు మూత్రం పోవడానికి గొట్టం, సంచి ఉన్నాయి. సంచి మీదే గీతలుంటాయి కాబట్టి ఆ గదిలోకి జగ్గు వెళ్లలేదు.

ఈ మాట ఆమె పెద్ద నర్సుకు మూడుసార్లు చెప్పింది.

"నువ్వేమన్నా డాక్టరువా? చెప్పిన పని చెయ్యి" అంది ఆవిడ మూడుసార్లూ.

అన్నాళ్లూ ఖాళీగా ఉన్న ఏడో గదిలోకి ఒక టైలరమ్మాయి వచ్చింది. మందులతో ఆమె నెత్తుట్లో తెల్లకణాలన్నీ తుడిచిపెట్టేశారు. చిన్న పురుగు సోకినా తట్టుకోలేదు. మర్నాడు పొద్దున గుమ్మంలో జగ్గు పట్టుకుని నిలబడ్డ కొలతలక్కను చూసి ఆ పిల్ల నవ్వింది.

"రా అక్కా. ఊళ్లోవాళ్లందరినీ నేను అంగుళాల్లో కొలిచా. నన్ను నువ్వు మిల్లీల్లో కొలుస్తావంటగా?"

కొలతలక్క కాలు గుమ్మం దాటలేదు. "ఉండు తల్లీ, ఇప్పుడే వస్తా. ఈలోపు ఎవరేమిచ్చినా ముట్టుకోకు" అని వెనక్కి తిరిగింది.

వెనక నుంచి పెద్ద నర్సు కేకేసింది. "పదింటికల్లా అంకె పడాలి! ఎక్కడికే?"

ఆమె నేరుగా నడిచింది డాక్టర్లు వారానికోసారి కూర్చునే గదికి. లోపల వాళ్లు, ఆయాలు చేతులు సరిగ్గా కడగకపోవడం వల్లే ఇదంతా అని తీర్మానం రాసుకుంటున్నారు. కొలతలక్క తలుపు తోసుకుని వెళ్లి, జగ్గును బల్ల మధ్యలో, వాళ్ల కప్పుల పక్కన పెట్టింది. దాన్ని తొలిచిన నీళ్లు ఇంకా కారుతున్నాయి.

ఎనిమిది కుర్చీలు ఒక్కసారిగా వెనక్కి జరిగాయి.

"కడిగే తెచ్చానండీ. రోజూ ఎలా కడుగుతానో అలాగే కడిగా. ఎందుకంత భయం? మీ ఒంట్లో నెత్తురు నిక్షేపంగా ఉందిగా!"

పెద్ద డాక్టరు ముఖం ఎర్రబడింది. "దీన్ని గదిగదికీ తిప్పిందెవరు?"

"నేనేనండీ. ఆ కండక్టరు బాబుకి నొప్పి మోసుకెళ్లి ఇచ్చింది ఈ చేతులే. రాసుకోండి, సంతకం పెడతా. నా చేతికి ఇదొక్కటే మిగిల్చిందెవరో కూడా రాయండి."

వెనకే వచ్చిన పెద్ద నర్సు గుమ్మంలోంచి ఒక అడుగు వెనక్కి వేసింది. జగ్గు నుంచి కారిన తడి తీర్మానం కాగితం దాకా పాకింది. కాగితం లాక్కోవడానికి ఒక్కరూ చెయ్యి చాపలేదు.