చెరకు కోతల్లో పదో తరగతి

రేవతికి నోరు పెద్దది. చోడవరంలో డిగ్రీ చదివే ఆమె స్నేహితుల్లో ఈ మాట అననివాళ్లు లేరు. ఆ నోరే లేకపోతే ‘చేదోడు’ సంఘం పుట్టేదే కాదు. బుచ్చయ్యపేట దారిలో ఉన్న తన ఊళ్లో ఊరికే పడి ఉన్న సామాజిక భవనాన్ని సర్పంచితో పోట్లాడి తెరిపించింది. క్లాస్‌మేట్లను ఆటోలో తోలుకొచ్చి సాయంత్రంపూట పిల్లలకు పాఠాలు మొదలుపెట్టించింది. బ్యాగులు పంచారు, ఫొటోలు దిగారు, అందరికీ తెగ సంతోషం.

చలికాలంలో చక్కెర ఫ్యాక్టరీలో చెరకు క్రషింగ్ మొదలైంది. ఆడపిల్లలు చంకలో చంటి తమ్ముళ్లతో, చెల్లెళ్లతో క్లాసుకు రాసాగారు. ఒకడు ఏడిస్తే అందరూ అందుకునేవాళ్లు. లెక్కలు చెప్పే ఉదయ్‌కుమార్ టౌను కుర్రాడు. చంటిపిల్లల్ని తేవద్దని గట్టిగా చెప్పేశాడు. నిజమేనని రేవతీ తలూపింది. మర్నాటినుంచి దేవిశ్రీ రావడం మానేసింది. పదో తరగతి పిల్ల, అందరిలోకీ చురుకైనది, మార్చిలో పరీక్షలు.

రేవతికి అప్పుడు గాని బుర్రకెక్కలేదు. ఫ్యాక్టరీ ఏ పొలం చెరకు ఏ రోజు కొట్టమంటే ఆ రోజు కొట్టాల్సిందే, రేపంటే కుదరదు. తల్లులు చీకటితోనే కత్తి పట్టుకుని పోతారు. ఇంట్లో చంటివాణ్ణి చూసేది పెద్దకూతురు, బడి మానేసి. సాయంత్రం క్లాసొక్కటే ఆ పిల్లకు మిగిలిన చదువు. దాన్నీ తామే మూసేశారు! ఈ సంగతి ఎవరికి తెలియకపోయినా రేవతికి తెలియాలి. ఆమెను ఎత్తుకోవడానికే అక్క షర్మిల ఏడో తరగతిలో బడి మానేసింది. తనమీద తనకే ఒళ్లు మండిపోయింది.

ఆ సాయంత్రమే రేవతి వెళ్లి దేవిశ్రీ తల్లి దేముడమ్మ గుమ్మంలో కూర్చుంది.

“పొద్దున్నే నీ సంటి గుంటణ్ణి మాకిచ్చేయి పిన్నీ. మేం సూస్తాం. దేవిశ్రీని బడికి పంపు.”

“మీ కాలేజీ మగపిల్లలా? నవ్విపోతారే.”

“మా యక్కని సూడు. నన్ను మోసి బడి ఒగ్గీసింది. నాను డిగ్రీ సదువుతన్నాను, అది నీతోపాటు సెరుకు కొడతంది. నీ కూతురికీ అదేనా?”

“వారం సూస్తాను,” అంది దేముడమ్మ చివరికి.

మొదటిరోజు భవనంలో దింపగానే చంటివాడు ఊరు ఎగిరిపోయేలా ఏడ్చాడు. దేముడమ్మ వీధి మలుపు దాకా వెళ్లి ఆగిపోయింది. “ఎల్లు పిన్నీ, ఏడిస్తే ఏటీ అయిపోడు,” అని రేవతి వాకిట్లోంచి కేకేసింది. ఉదయ్‌కుమార్ వాణ్ణి బండిమీద కూర్చోబెట్టి హారన్ నొక్కనిచ్చాడు. ఆ పూటంతా ఊరికి నిద్రా లేదు, నిమ్మళమూ లేదు. కానీ ఏడుపు ఆగింది. వారం గడిచినా దేముడమ్మ మళ్లీ ఆ గడువు మాట ఎత్తలేదు. కాలేజీ వాళ్లు వంతులేసుకుని వచ్చారు. మిగతా తల్లులూ పిల్లల్ని తెచ్చి దింపారు. దేవిశ్రీ బడికి పోయింది.

సరిగ్గా పరీక్షలు మొదలయ్యే రోజు తెల్లారేసరికి చంటివాడికి ఒళ్లు కాలిపోతోంది. ఆ రోజే పెద్ద పొలం కోత. దేవిశ్రీ తమ్ముణ్ణి భుజాన వేసుకుని ఇంట్లోంచి కదలనంది. బయట పరీక్షకు తీసుకెళ్లే ఆటో, పక్కనే ఉదయ్‌కుమార్ బండి ఆగి ఉన్నాయి. దేవిశ్రీ కోసం వచ్చిన రేవతి వాకిట్లోనే ఆగిపోయింది. జ్వరంతో ఉన్న బిడ్డను పరాయివాళ్లకి ఇమ్మని ఏ తల్లిని అడుగుతుంది?

దేముడమ్మ చేతిలో కత్తి గుమ్మం పక్కన పెట్టేసింది. కూతురి భుజం మీంచి పిల్లాణ్ణి లాక్కుంది.

“నాను తీసికెల్తాను ఆస్పత్రికి. ఒరే ఉదయ్, బండి తియ్యి బాబూ. నువ్వేటే సూస్తన్నావు? ఎక్కు ఆటో!”

దేవిశ్రీ ఎక్కింది. ఆటో రోడ్డెక్కేదాకా చూసి రేవతి పొలంలో ఉన్న అక్కకు ఫోన్ చేసింది.

“ఎక్కిందక్కా. దేముడమ్మ పిన్ని కోతకి రాదు.”

అవతల చెరకు కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

“రాకపోతే రాకపోనీ. దాని వంతు నాను కొడతాను,” అంది షర్మిల. “ఆ గుంటని మట్టుకు ఆకరి పరీచ్చ దాకా రోజూ ఆటో ఎక్కించు.”