నోరీన్ దిద్దిన బొంత

కురావా ఫ్లాట్ అనే పల్లెటూళ్ళో నోరీన్ ట్రెగెంజా కంటికి వంక కనపడని వస్తువు ఇంతవరకూ పుట్టలేదు. పెళ్ళికి వెళ్తే పెళ్ళికూతురి గౌను అంచు కుట్టు చూస్తుంది. చావుకి వెళ్తే శవపెట్టె మీద కప్పిన గుడ్డ చూస్తుంది. ఏటా జరిగే వ్యవసాయ ప్రదర్శనలో బొంతల పోటీకి పదకొండుసార్లు మొదటి బహుమతి కొట్టిన మనిషి మరి! మొదటి బహుమతికి ఇచ్చే ఆ నీలం రిబ్బన్లన్నీ వంటింట్లో ఫ్రిజ్ పక్కనే వేలాడుతుంటాయి. టీకి వచ్చినవాళ్ళు వాటి ఊసెత్తకపోతే రెండో కేకు ముక్క పెట్టదు.

అలాంటి మనిషికి పంతొమ్మిది మంది పిల్లల బొమ్మలు అప్పజెప్పారు. ఆరేళ్ళుగా ఊరి బడిలో పాఠాలు చెప్తున్న మిస్ లావెరీ క్రిస్మస్ సెలవులకి బడి మానేసి, జబ్బుపడ్డ తల్లిని చూసుకోడానికి పట్నం వెళ్ళిపోతోంది. పిల్లలు తలో తెల్లగుడ్డ ముక్క మీద టీచర్ బొమ్మ వెయ్యాలి, వాటిని కలిపి బొంత కుట్టి ఆఖరి రోజున ఇవ్వాలి. అక్కడ క్రిస్మస్ మండు వేసవిలో వస్తుంది, తల్లిదండ్రులంతా గోధుమ కోతల్లో ఉన్నారు. "నోరీన్ ఉందిగా, చూసుకుంటుంది" అనేశారు. మిస్ లావెరీ అంటే నోరీన్‌కి మొదట్నుంచీ గిట్టదు. నలభై డిగ్రీల ఎండలో కూడా ఉన్ని స్వెట్టరు వేసుకుని, ఎడమ చెయ్యి జేబులోంచి తియ్యకుండా మాట్లాడుతుందట. టెక్కు కాకపోతే ఏమిటి?

బొమ్మల మూట తెచ్చింది మనవరాలు టిల్డా. ఎనిమిదేళ్ళది. చదువు ఒంటబట్టదని అందరూ వదిలేసిన పిల్లని, మిస్ లావెరీ ఏడాదిపాటు పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి చదివించింది.

"అమ్మమ్మా, నాది మధ్యలో పెట్టు. మిస్ చూడగానే నాదని తెలియాలి."

"పేరు రాశావా?"

"రాయలేదు. రాయకపోయినా తెలుస్తుంది."

పిల్ల అటు వెళ్ళగానే నోరీన్ ముక్కలన్నీ బల్ల మీద పరిచింది. ఓరి దేవుడా! ఒక గుర్రానికి అయిదు కాళ్ళు. బడికన్నా టీచర్ ఎత్తు. అన్నింటికన్నా ఘోరం, పంతొమ్మిదింట్లో పదిహేడు బొమ్మల్లో టీచర్ ఎడమ చేతికి నాలుగే వేళ్ళు! టిల్డా అయితే మనిషినే వెయ్యలేదు. గుడ్డ నిండా ఒక్క చెయ్యి, నీలం రంగుతో, దానికీ చిటికెన వేలు లేదు.

"చూడవే జాయిస్, చూడు!" అని కుట్టుపనికి తోడొచ్చిన స్నేహితురాల్ని పిలిచింది. "ఆరేళ్ళ నుంచి లెక్కలు చెప్తోందట మహాతల్లి! చేతికి వేళ్ళెన్నో ఒక్కళ్ళకీ తెలీదు!"

"పిల్లలే, ఎలా వేస్తే అలా ఉండనీరాదూ?"

"నీకు రిబ్బను ఎందుకు రాదో ఇప్పుడు తెలిసింది."

ఇక దిద్దుబాటు మొదలైంది. గుర్రం అయిదో కాలు మీద పచ్చగుడ్డతో గడ్డి కుట్టేసింది. టీచర్లందరికీ గులాబీరంగు దారంతో వేళ్ళు మొలిపించింది. రెండో రోజు బడి నుంచి వచ్చిన టిల్డా బల్ల మీదకి తొంగి చూసి గతుక్కుమంది.

"అమ్మమ్మా, అది అలా కాదు. మిస్ చెయ్యి..."

"పెద్దవాళ్ళు పనిలో ఉన్నప్పుడు మధ్యలో మాట్లాడొద్దని ఎన్నిసార్లు చెప్పాను?"

"కాదు, అమ్మమ్మా, మిస్‌కి..."

"వెళ్ళి పాలు తాగు!"

తలుపు గడియ పెట్టేసింది. పిల్ల మళ్ళీ ఆ గది వైపు రాలేదు. అలిగింది, అదే పోతుందిలే అనుకుంది నోరీన్. టిల్డా వేసిన చేతికి చిటికెన వేలు కుట్టడానికే ఆవిడకి మూడు మధ్యాహ్నాలు పట్టింది. గోరుతో సహా కుట్టింది. నిజం వేలికన్నా నికార్సుగా వచ్చిందని మురిసిపోయింది.

ఆఖరి రోజు బడి హాల్లో ఇద్దరు తండ్రులు, ఒంటి మీద కోతల దుమ్ముతోనే, బొంత చెరో కొసా పట్టుకుని విప్పారు. పెద్దవాళ్ళంతా "అబ్బా!" అని చప్పట్లు కొట్టారు. పన్నెండో రిబ్బను వచ్చినట్టే నిలబడింది నోరీన్. పిల్లలు మాత్రం చప్పట్లు కొట్టలేదు.

"ఆవిడ మా మిస్ కాదు" అంది ముందు వరసలో అందరికన్నా చిన్నపిల్ల.

"మిస్‌కి అన్ని వేళ్ళుండవు" అంది ఇంకో పిల్ల.

నోరీన్ పకపకా నవ్వింది. "విన్నారా? ఇదీ వీళ్ళకొచ్చిన లెక్కలు!"

మిస్ లావెరీ ఎడమ చెయ్యి జేబులోంచి తీసింది. ఆరేళ్ళలో ఊళ్ళో పెద్దవాళ్ళెవరూ ఆ చేతిని చూడలేదు. చిటికెన వేలు ఉండాల్సిన చోట నున్నటి మచ్చ.

"చిన్నప్పుడు దొడ్డి గేటులో పడి నలిగిపోయింది. పెద్దవాళ్ళ ముందు నాకు సిగ్గు. పిల్లల దగ్గరెప్పుడూ దాచలేదు" అంది మెల్లిగా. తర్వాత నోరీన్ వైపు తిరిగి, "చాలా బాగా కుట్టారండీ" అంది. ఆ ఒక్క మాటకి నోరీన్‌కి తల తీసేసినట్టయింది.

మిస్ బొంతంతా వెతికింది. "టిల్డా, నీదేదమ్మా?"

టిల్డా పెదవి బిగపట్టింది. కళ్ళనిండా నీళ్ళు. "మధ్యలోదే, మిస్. కానీ ఇప్పుడది నాది కాదు."

నోరీన్ సంచీలో కుట్లు విప్పే చిన్న కత్తి ఎప్పుడూ ఉంటుంది, ఎక్కడ ఎవరి కుట్టు నచ్చకపోతుందోనని. అది తీసి, నొప్పుల మోకాళ్ళతో నేల మీద చతికిలబడి, బొంత ఒళ్ళోకి లాక్కుంది.

"లేవవే, పోనీలే, అందరూ చూస్తున్నారు" అంది జాయిస్.

"చూడనీ!"

న్యాయనిర్ణేతలు మెచ్చుకునేంత బిగువుగా కుట్టిందాయె, ఒక పట్టాన ఊడి రావే! అందరికీ పోసి ఉంచిన టీలన్నీ చల్లారిపోయాయి. గుర్రం బొమ్మ వేసిన పిల్ల వచ్చి "నా గుర్రం కాలు కూడా ఇచ్చెయ్యి" అని పక్కనే నిలబడింది. ఎట్టకేలకు చిటికెన వేలు దారపు పోగులై రాలింది. గుడ్డ మీద వరసగా సూది బెజ్జాలు మిగిలిపోయాయి. మిస్ లావెరీ వంగి, ఆ నీలం గీత మీద తన చెయ్యి పెట్టింది. సరిగ్గా సరిపోయింది. పిల్ల ఆ చేతినే గుడ్డ మీద పెట్టించుకుని చుట్టూ గీత గీసిందని నోరీన్‌కి అప్పుడు తెలిసింది.

టిల్డా దగ్గరకొచ్చింది కానీ, అమ్మమ్మ మొహం చూడలేదు.

"ఇంకా పదహారున్నాయి" అంది.

"ఇలా వచ్చి కూర్చోవే తల్లీ" అంది నోరీన్, బొంత కొస పిల్ల వైపు జరిపి. "నేను విప్పుతాను, నువ్వు లెక్కపెట్టు. నాకు లెక్కలు రావు."