బండి తాగిందా, డ్రైవరు తాగిండా?

మీ తాత ఎలాంటి మనిషని అడిగావు కదా, రాసుకో. ఆయన గురించి చెప్పాలంటే ముందు ఒక జీపు గురించి చెప్పాలి. మధ్యలో ఆపకు, ఆపితే నేను వేరే దాంట్లోకి పోతాను.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో మాట ఇది. కోటగిరి దగ్గర మా అత్తగారి ఊరు. కాలువ నీళ్లు వచ్చే ఊరు కాబట్టి ఎటు చూసినా చెరకే. ఆ ఊరి పటేలు, మిలిటరీ వాళ్లు వేలం వేసిన పాత జీపు ఒకటి కొనుక్కొచ్చాడు. దానికి డ్రైవరు మీ తాత. నిజామాబాదులో బండ్లు బాగుచేసే ఒక మిస్త్రీ దగ్గర నట్లు తిప్పే పానాలు అందిస్తూ, తిట్లు తింటూ పని నేర్చుకున్నాడు. పొద్దున లేవగానే మొహం కడగకముందే జీపు మొహం కడిగేవాడు. మా అత్త "నాకు ఇద్దరు కోడండ్లు, పెద్దది జీపు" అని ఊరంతా చెప్పేది.

ఆ ఏడు వానలు తగ్గాక మీ తాతకు చలిజ్వరం వచ్చింది. గొంగడి కప్పుకుని వణుకుతూ పడుకున్నాడు. అదే సమయానికి పటేలు ఎవరినో పెట్టి జీపును చెరకు తోటలోకి తోలించాడు, గట్టు దుమికేసరికి ముందు కమాను పట్టీ ఒకటి విరిగింది. కమాను పట్టీలంటే, బండి బరువును మోస్తూ ఊగే ఇనుప పట్టీలు. ఊళ్లో ముసలి కమ్మరి ఉన్నాడు. చెరకు బండ్లన్నీ ఆయన చేతి పనే. పటేలు ఆయనకే చెప్పాడు. ఆయన రెండు వైపుల పట్టీలూ విప్పి, కొలిమిలో కాల్చి, సాగగొట్టి మళ్లీ బిగించాడు. చూడ్డానికి కొత్తవాటిలా ఉన్నాయి.

జ్వరం తగ్గి మీ తాత మొదటిసారి బండి తీసిన రోజు, పక్కన పటేలు కూర్చున్నాడు. కాలువ కట్ట మీద పోతున్నారు. ఊరు దాటి కాస్త వేగం పెరిగిందో లేదో, జీపు నిలకడ తప్పింది. కుడికి జరిగితే ఎడమకు తిప్పాలి, తిప్పితే ఎడమకే పోతుంది. మళ్లీ ఇటు తిప్పాలి. పాము పోయినట్టు పోయి, కాలువ అంచున ఒక చక్రం గాల్లో ఆగింది. ఎదురుగా చెరకు బండ్లవాళ్లు, అందరూ చూశారు.

పటేలు దిగి, వాళ్లందరి ముందే అడిగాడు.

"ఏం రా, బండి తాగిందా, నువ్వు తాగినవా?"

"గంజి దప్ప ఏం ముట్టలేదు పటేలా. స్టీరింగుల ఏదో ఉన్నది."

"జరం వోనీకె కల్లు తాగుతరని నాకెర్కలేదా? ఇగో, ఫ్యాక్టరీల చెరుకాడుడు షురువయ్యే లోపల తప్పు బండిదని సూపియ్యి. సూపియ్యకుంటె తాళం నా చేతుల వెట్టి పో."

మీ తాత కల్లు ముట్టని మనిషి కాదు, అది అందరికీ తెలుసు. అందుకే ఆ మాట అంటుకుంది. ఉద్యోగం ఒక్కటే పోతే ఇంకోటి చూసుకుంటాం. తాగి కాలువలోకి తోలాడన్న పేరు వస్తే మాత్రం, బోధన్ నుంచి నిజామాబాదు దాకా ఎవరూ బండి చేతికి ఇవ్వరు. ఆ సాయంత్రం బువ్వ ముందు కూర్చుని కలుపుతూనే ఉన్నాడు, నోట్లో పెట్టుకోలేదు.

మర్నాడు జీపును మా ఇంటి ముందు పెట్టి వెతకడం మొదలుపెట్టాడు. మొదట చక్రాల్లో గాలి చూశాడు. తర్వాత జాకీ పెట్టి ముందు చక్రం ఎత్తి, పైన ఒక చేయి కింద ఒక చేయి వేసి ఊపాడు. పన్ను కదులుతుందా లేదా అని చూసినట్టు మెల్లగా ఊపడం, చెవి దగ్గరగా పెట్టి వినడం. ఏమీ లేదు. ఇక స్టీరింగు నుంచి చక్రాల దాకా పోయే కడ్డీల కీళ్లు చూడాలి. దానికి ఒకరు పైన కూర్చుని తిప్పాలి, ఒకరు కింద పడుకుని ప్రతి కీలు మీదా వేళ్లు పెట్టి చూడాలి. ఊళ్లో మగవాళ్లంతా పొలాల్లో ఉన్నారు. మా అత్త రానంది. మిగిలింది నేనే.

కొత్త కోడలిని, కొంగు నెత్తిన కప్పుకుని పటేలు జీపులో డ్రైవరు సీట్లో కూర్చున్నా. ఊహించుకో!

"తిప్పు," అన్నాడు కింద నుంచి.

తిప్పాను.

"అంత గాదు పిల్లా! పెంక మీద రొట్టె జరిపినట్టు, గంతే. ఇటు జర, అటు జర."

నీళ్లకు పోయే ఆడవాళ్లు బిందెలు దించి నిలబడ్డారు. "ఏం పిల్లా, బోధన్ దాక పోతున్నవా? వచ్చెటప్పుడు జర బెల్లం తే!" అని ఒకామె. మా అత్త గడపలో కూర్చుని, "మొగడు బండి కింద, పెండ్లాం బండి మీద. మా కాలంల గిట్ల సూడలె తల్లీ," అంది. నాకు సిగ్గుతో చెమటలు. కానీ కిందికి వంగి చూశాక సిగ్గు మరిచిపోయాను. ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు. వేళ్లు ఒక కీలు మీద నుంచి ఇంకో కీలు మీదికి పోతున్నాయి, ఆగుతున్నాయి, పోతున్నాయి. నేను బీడీలు చుట్టిన దాన్ని, ఆకు మెత్తగా ఉందా పెళుసుగా ఉందా అన్నది వేళ్లకే తెలుస్తుంది, చూడక్కర్లేదు. ఇనుముతో కూడా అలా మాట్లాడొచ్చని ఆ రోజే చూశాను.

ఒక కీలు కాస్త వదులుగా దొరికింది. బిగించి, కోత అయిన పొలంలో తోలి చూశాడు. జీపు మళ్లీ పాములాగే పోయింది.

మా అత్త, కొడుకు మొహం చూసి ఉపాయం చెప్పింది. "గా వదులు నట్టు పటేలుకు సూపియ్యి కొడుకా. గిదే తప్పని చెప్పు. ఆయనకేం ఎర్క?"

"రేపు ఆయనను ఎక్కిచ్చుకోని కాలువల వడ్తె?"

"మెల్లగ తోలు."

"బండి తప్పు దాసిపెట్టినోడు తాగినోని కన్న అద్వాన్నం అవ్వా."

అంతే అన్నాడు. పోయి మళ్లీ బండి ఎక్కాడు. నేను గట్టు మీద నిలబడి చూస్తున్నాను. ఈసారి వేగంగా తోలలేదు. మెల్లగా తిప్పడం, స్టీరింగు వదిలేసి చేతులు ఒళ్లో పెట్టుకోవడం. తిప్పినచోటే అది ఉండిపోయింది. జీపు గుండ్రంగా తిరుగుతూనే ఉంది, గానుగెద్దులాగా. ఆయన ఒక్కసారిగా బ్రేకు వేసి అరిచాడు.

"మల్పుకు తిరిగినంక స్టీరింగు దానంతటదే సక్కగ రావాలె! గిది వస్తలేదు! కీళ్లల్ల కాదు రోగం, చక్రం నిలవడుడుల ఉన్నది!"

మళ్లీ కింద దూరాడు. కమాను పట్టీకీ ఇరుసుకీ మధ్య ఒక ఇనుప బిళ్ల ఉంటుంది. ఒక పక్క మందం, ఒక పక్క పలచన. దాని వల్ల ఇరుసు కాస్త వెనక్కి వాలి ఉంటుంది, ఆ వాలు వల్లే చక్రాలు తిన్నగా పోతాయని ఆయన నాకు తర్వాత చెప్పాడు. మట్టి గీకి చూస్తే, ముందుకు ఉండాల్సిన మందం వెనక్కి ఉంది. రెండో వైపూ అంతే.

నేనైతే పటేలు ఇంటికి పరుగెత్తేదాన్ని. మీ తాత కమ్మరి ఇంటికి పోయాడు. "ఆయన చేసిన పని ఆయన చూడకుండ విప్పొద్దు," అన్నాడు. ముసలాయన వచ్చి వంగి చూసి, తల ఊపాడు.

"మంచిగనే వెట్టిన గదా కొడుకా. మందం ఎన్కకే ఉండాలె."

"ఎందుకు కాకా?"

"ఎందుకంటవేంది! చెరుకు ఎన్కకు యేలాడుతది. మందం ముందరికి వెడ్తె బండి ఎన్కకు మొగ్గుతది, కాడి లేస్తది, ఎడ్ల మెడకు ఉరి వడ్తది. నేను పాపం కట్టుకోవాల్నా?"

మీ తాత నవ్వలేదు. చాలా నెమ్మదిగా అన్నాడు. "దీనికి ఎడ్లేడున్నయి కాకా?"

ముసలాయన జీపు ముందుకు పోయి నిలబడి, ఎడ్లు ఉండాల్సిన చోటు వైపు కాసేపు చూశాడు. "లేవు గదా!" అన్నాడు. తర్వాత నవ్వు మొదలైంది చూడు, దగ్గు వచ్చేదాకా. నవ్వు ఆగాక మొహం మారింది.

"పటేలుకు నా పేరు చెప్తవా బిడ్డా?"

"చెప్పకుంటె నా పేరు వోతది కాకా. నువ్వే చెప్పు. నేను నీ పక్కకు నిలవడ్త. నీ చేతి బండ్లు ఎన్ని ఎడ్ల మెడలు కాపాడినయో నేను చెప్త."

బిళ్లలు తిప్పి బిగించింది కూడా ముసలాయనే. మీ తాత పని నేర్చుకునే పిల్లాడిలా పక్కన కూర్చుని పానాలు అందించాడు. ఇద్దరూ కలిసి పటేలు అరుగు దగ్గరికి పోయారు, వెనక నేను, మా అత్త.

కమ్మరి దండం పెట్టి, "తాగింది డ్రైవరు గాదు పటేలా. నేనే బండికి ఎడ్లు గట్టిన," అన్నాడు.

పటేలుకు అర్థం కాలేదు. మీ తాత విడమరిచి చెప్పాడు, ముసలాయన తప్పు సగం, ఎడ్ల మీద ఆయన దయ సగం. పటేలు మీసం నిమురుకుని, తప్పయిందని అనలేదు. పటేండ్లు అంటారా? "బోధన్ పోయేదుంది. అందరెక్కుండ్రి," అన్నాడు.

కమ్మరి, మా అత్త, నేను వెనక. పటేలు ముందు. మొన్న చక్రం గాల్లో ఆగిన చోటు వస్తుంటే నేను కళ్లు గట్టిగా మూసుకున్నాను. ఏమీ కాలేదు. తెరిచి చూస్తే జీపు దారం పట్టి గీసినట్టు పోతోంది. కాస్త దూరం పోయాక గురక వినిపించింది. పటేలు తల ఒక పక్కకు వాల్చి, కాలువ కట్ట మీద, ఆ డ్రైవరు పక్కన నిద్రపోయాడు.

మా అత్త ముందుకు వంగి గుసగుసగా, "జర పయిలంగ తోలు కొడుకా," అంది.

మీ తాత స్టీరింగు మీద రెండు వేళ్లు మాత్రం పెట్టి, వెనక్కి చూడకుండానే అన్నాడు.

"నేనేడ తోలుతున్న అవ్వా. అదే పోతున్నది."