బొదిల్ ఎత్తిన చెయ్యి

అమెరికాలో, యూటా కొండల మధ్య మా సెవియర్ లోయలో బొదిల్ నోటికి జడవనివాళ్ళు లేరు. వేసవి మొదట్లో యూట్ తెగవాళ్ళు పశువుల్ని తోలుకుపోతూ ఇద్దరు కాపర్లను చంపేశాక, ఊరు ఊరంతా ఇళ్ళు వదిలి రాతికోటలో దూరింది. ఆ నేల వలస వచ్చిన మాకంటే ముందు వాళ్ళది, ఆకలి వాళ్ళకీ ఉంది. అయినా భయం భయమే కదా! ఇక అప్పట్నుంచీ బొదిల్‌ది ఒకటే గోల.

"ఇదేం బతుకు! పక్క గదిలో తుమ్మితే ఇక్కడ మనం నిద్రలేస్తున్నాం. నా పొయ్యి, నా ఆపిల్ మొక్కలు, నా కాలువ నీళ్ళ వంతు... ఇంటికి పోయేదెప్పుడు?"

మొగుడు రాస్మస్ విని విని ఊఁ కొట్టడం కూడా మానేశాడు, పాపం.

కోతలకు ముందు ఒక ఆదివారం చర్చి సభలో, ఊరికి పెద్దదిక్కయిన బిషప్పు లేచాడు. "గొడవ సద్దుమణిగినట్టే ఉంది. ఇళ్ళకి వెళ్దామన్నవాళ్ళు చేతులెత్తండి."

బిషప్పు అడిగితే చెయ్యెత్తడం మాకు ఊపిరి తీసుకున్నంత అలవాటు. టకటకా అందరి కుడిచేతులూ లేచాయి. బొదిల్ కూడా ఎత్తబోయి, పక్కకి చూసింది. కోడలు ఇంగర్ నిండు చూలాలు. ఆ పిల్ల చెయ్యి లేచింది గానీ గడగడా వణుకుతోంది. వీళ్ళ ఇల్లేమో లోయ చివర, కేకేస్తే పలికే దిక్కు లేదు.

బొదిల్ చెయ్యి ఒళ్ళోనే ఉండిపోయింది.

"వద్దన్నవాళ్ళు?" అడగాలి కాబట్టి అడిగాడు బిషప్పు. ఆ మాటకి ఇన్నేళ్ళలో ఒక్క చెయ్యి లేచి ఎరగదు.

బొదిల్ ఎత్తింది.

"దించవే తల్లీ!" రాస్మస్ గౌను పట్టి లాగాడు.

"నువ్వుండవయ్యా!"

బిషప్పు తెల్లబోయాడు. "సిస్టర్ బొదిల్, పొద్దస్తమానం ఇల్లు ఇల్లని పోరు పెట్టింది మీరే కదమ్మా?"

"నేనే. ఇప్పటికీ పోవాలనే ఉంది. ఈ పిల్లకి నొప్పులొస్తే అక్కడ ఎవర్ని పిలవమంటారు? వణుకుతూ ఎత్తిన చెయ్యి కూడా లెక్కేనా బిషప్పుగారూ? మళ్ళీ అడగండి. ఈసారి భయమేసేవాళ్ళని ఎత్తమనండి."

బిషప్పు గడ్డం నిమురుకుని అలాగే అడిగాడు. ముందు ఇంగర్ ఎత్తింది. తర్వాత కమ్మరి ఎత్తాడు. ఒక్కొక్కరే, సిగ్గుపడుతూ, సభలో సగం మంది ఎత్తారు. ఆఖరికి బిషప్పు కూడా. వచ్చే వసంతం దాకా కోటలోనే ఉండాలని తేలిపోయింది.

సభ ముగిశాక రాస్మస్ వెతుక్కుంటూ పోతే, బొదిల్ గోడవార కూర్చుని వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"అదేమిటే, వద్దని చెయ్యెత్తింది నువ్వే కదా?"

"ఎత్తాను. మళ్ళీ అడిగినా ఎత్తుతాను. అంతమాత్రాన నా ఇంటి కోసం ఏడవకూడదా?"