ఓడిన మరునాడు నాకు వార్డు చూపించిన లచ్చన్న కాక

నిన్న పొద్దున పిల్లకు టిఫిన్ డబ్బా కడుతుంటే ఫోన్ వచ్చింది.

"అక్కా, మేయర్ సాబ్ పోయిండు."

సరే అన్నాను. ఫోన్ పెట్టేసి డబ్బాకు మూత పెట్టాను. పిల్లను ఆటో ఎక్కించి వచ్చి స్టవ్ ముందు నిలబడ్డాను. ఏం చేయడానికి వచ్చానో గుర్తు రాలేదు.

ఇంకా ఏడుపు రాలేదు. ఎందుకో తెలియదు.

ఇది మరాఠీలో రాద్దామని కూర్చున్నాను. నా చదువంతా అందులోనే కదా. "కాక" అని రాశాక ముందుకు కదల్లేదు. ఆయనతో నేనెప్పుడూ మరాఠీలో మాట్లాడలేదు. మా బాపు పక్కన కూర్చుని నా తెలుగు సరిచేస్తున్నాడు.

బాపు, లచ్చన్న కాక ఒకే బొగ్గు గనిలో, ఒకే షిఫ్టులో పనిచేశారు. కాక యూనియన్‌లో తిరిగాడు, కార్పొరేటర్ అయ్యాడు, చివరికి మన చంద్రపూర్‌కు మేయర్ అయ్యాడు.

నది ఒడ్డున ఉన్న మన బస్తీకి నల్లా నీళ్లు వచ్చింది ఆయన మేయర్‌గా ఉన్నప్పుడే. అంతకుముందు ట్యాంకర్ వచ్చేది. వస్తే వచ్చేది.

మీటింగుల్లో ఆయన మరాఠీ విని కొందరు నవ్వేవాళ్లట. వాళ్లు నవ్వడం అయ్యేదాకా ఆగి, అదే మాట మళ్లీ మొదటి నుంచి చెప్పేవాడట.

అలాంటి మనిషిని కార్పొరేటర్ ఎన్నికల్లో ఓడించింది నేను.

పార్టీలు వేరు. మా పార్టీకి కొత్త ముఖం కావాలన్నారు, నిలబడ్డాను. గెలుస్తానని నేనే అనుకోలేదు.

రిజల్ట్ రోజు ఊరేగింపు వాళ్ల గల్లీలోకి తిరిగింది. మావాళ్లు ఆయన గుమ్మం ముందే పటాకులు పేర్చారు. కాక తలుపు తీసుకుని బయటికి వచ్చాడు. డప్పు ఆగిపోయింది. నాకు ఎటు చూడాలో తెలియలేదు.

మావాళ్ల పళ్లెంలోంచి కొంచెం గులాల్ తీసి నా నొసటికి పెట్టాడు.

"బిడ్డా, రేపు పొద్దుగాల నల్లా వచ్చే యాల్లకు రా. పైపు లైను యాడికెళ్లి పోయిందో చూపెడ్త."

అంతే. లోపలికి వెళ్లిపోయాడు.

వెళ్లాను. వార్డంతా నడిపించాడు. ఏ వాల్వు తిప్పితే ఏ గల్లీకి నీళ్లు పోతాయో, ఏ మురికి మోరీ మొదట పొంగుతుందో చూపించాడు. తర్వాత ఇంటికి తీసుకెళ్లి చాయ్ పెట్టమన్నాడు. కాక భార్య, చిన్నమ్మ, లోపలి నుంచి నాకు వినబడేలాగే అంది, "ఓడగొట్టిన పొల్లకు చాయ్ సుత నేనే పొయ్యాల్నా?"

కాక లేచి వెళ్లి తనే పెట్టుకొచ్చాడు. చక్కెర ఎక్కువైంది. తాగేశాను.

ఆ వానాకాలమే ఇరాయి నది పొంగింది.

మధ్యాహ్నానికి నీళ్లు మన బస్తీ మొదటి ఇళ్లలోకి వచ్చాయి. అందరినీ స్కూల్‌కు నడవమని గొంతు పోయేలా చెప్పాను. ఎవరూ కదల్లేదు. మొదటి ఇంట్లో ఉండే రాజవ్వ అయితే మేకలను మంచం మీదికి ఎక్కించి తనూ కూర్చుంది.

కాకకు ఫోన్ చేశాను.

పంచె మోకాళ్ల పైకి కట్టుకుని వచ్చాడు. జనం నన్ను దాటి ఆయన చుట్టూ చేరారు. సాబ్, ఏం చెయ్యాలె, యాడికి పోవాలె అని.

"నేను మాజీని. ఆమెను అడుగుండ్రి."

"ఆ పొల్లకేం ఎరుక సాబ్?" అన్నాడు ఒకాయన.

"నాకు సుత మొదట్ల ఏం ఎరుక లేకుండె. మీరే నేర్పిన్రు. గట్లనే ఈమెకు సుత నేర్పుండ్రి."

తర్వాత నా వైపు తిరిగి, అందరూ వినేలా, "చెప్పు బిడ్డా, ముందుగాల ఏ ఇల్లు ఖాళీ చేద్దాం?" అని అడిగాడు.

రాజవ్వ ఇల్లు అన్నాను. ఆయన నీళ్లలోకి దిగి ఒక మేకను భుజాన వేసుకున్నాడు. దాని వెనకే రాజవ్వ. ఆమె వెనక గల్లీ మొత్తం.

చీకటి పడేలోపు అందరం స్కూల్‌లో ఉన్నాం. మన బస్తీలో ఆ రోజు ఎవరికీ ఏమీ కాలేదు.

కాకకు మాత్రం అయింది. వేరే పార్టీ పిల్ల వెనక తిరుగుతున్నాడని వాళ్ల పార్టీలో పెద్ద గొడవ. తర్వాతి ఎన్నికలకు ఆయనకు టికెట్ ఇవ్వలేదు. అన్నేళ్లు ఆ జెండా మోసిన మనిషికి. మా పార్టీలోకి రమ్మని నేనే అడిగాను. రానన్నాడు. బాధ లేదా కాకా అన్నాను.

"వాళ్ల టికెట్టు, వాళ్ల ఇష్టం. ఆ మోరీ ఎప్పుడు తీపిస్తున్నవో గది చెప్పు."

బాధ ఉండే ఉంటుంది. నాతో ఎప్పుడూ చెప్పలేదు.

నిన్న వాళ్లింటికి అన్ని పార్టీల వాళ్లూ వచ్చారు. ఆయనకు టికెట్ ఇవ్వని వాళ్లు జెండా తెచ్చారు, కప్పాలని. కాక కొడుకు అడ్డం నిలబడ్డాడు. గొంతులు లేచాయి. నేను గోడ పక్కన ఉన్నాను. నాకు మాట్లాడే హక్కు లేదనుకున్నాను.

చిన్నమ్మ తల ఎత్తి అందరిలో నన్ను వెతికింది.

"గోడకు నిలబడ్డవేంది? ఇటు రా. ఏం చేద్దామో చెప్పు బిడ్డా."

వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. కప్పనిద్దాం చిన్నమ్మా, కాక ఆ జెండాను ఎప్పుడూ దించలేదు కదా అన్నాను.

ఆమె కొడుకు వైపు చూసి తల ఊపింది. అతను పక్కకు జరిగాడు.

చిన్నమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆయనను తీసుకెళ్లేదాకా అలాగే పట్టుకుని ఉంది.

పోయిరా కాకా. చాలా తిరిగావు. ఇక నిమ్మళంగా పడుకో.