జూమిస్ చిక్కాడు

కోత చివర మిగిలిన గుప్పెడు రై ధాన్యపు కంకుల్లో పంట దేవుడు జూమిస్ దాక్కుంటాడని, వాటిని కోయకుండా ముడివేసి రాయి కింద అదిమితే పొలంలోని చేవ పొలంలోనే ఉంటుందని వెల్గాకు వాళ్లమ్మ నేర్పింది. సోవియట్ల కాలంలో ఆ గుప్పెడు చూసి పైఅధికారి కేకలేస్తే, "యంత్రానికి అందలేదయ్యా" అని వెల్గా బొంకేది. ఇప్పుడు లాట్వియాలో కేకలేసేవాడు లేడు. నవ్వేవాళ్లున్నారు. ఆమెకు అదే ఎక్కువ మండేది.

కోత యంత్రం నడిపే ఆర్విడ్స్ పొద్దున్నే మొదలుపెట్టాడు.

"నా బండి ముందు నీ దేవుడు ఎంతసేపు పరిగెడతాడత్తా?"

"ఆయన సంగతి సరే. నీకు బండి ఆపడం వచ్చా?"

సాయంత్రానికి కోత పాటలు పాడే ఆడవాళ్లు, ఊళ్లోవాళ్లు గట్టు మీదికి చేరారు. ఆఖరి చాలు చివర యంత్రం ఆగింది. చెడిపోయిందనుకున్నారు. ఆర్విడ్స్ దిగి, టోపీ తీసి, మిగిలిన కంకుల్ని రెండు చేతులా ఒడిసి పట్టుకున్నాడు.

"తొందరగా రా అత్తా, పారిపోతాడు."

"వదిలావో, చంపేస్తాను" అంటూ వెల్గా పరిగెత్తింది. ఇన్నేళ్లూ దొంగచాటుగా వేసిన ముడిని ఊరంతా చూస్తుండగా, పాటల మధ్య, బిగించి వేసింది.